ఆడ వద్దన్నరు, ఈడ పైసలడుగుతున్నరు

చిలుకూరు బాలాజీ గుడిలో హుండీ ఉండదు, వీఐపీ దర్శనం ఉండదు. మొక్కుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. అంకెలు అచ్చేసిన కార్డు పట్టుకుని, చుట్టుకో అంకె కొట్టేసుకుంటూ జనం తిరుగుతుంటారు. వీసా కోసం వచ్చేవాళ్ల పుణ్యమా అని ఈయన వీసా బాలాజీ అయిపోయాడు. నేను కలవాల్సిన కుర్రాడు కార్డు మడిచి జేబులో పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"నాది వీసా కాదు సార్, మెడికల్" అన్నాడు.

పేరు రాయొద్దన్నాడు. బీటెక్ చదివి, ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో చేరాడు. ఫ్లయింగ్ నుంచి సస్పెండయ్యాడు. అలాంటివాళ్లలో గ్రౌండ్ డ్యూటీ బ్రాంచిల్లోకి మారేవాళ్లు ఉంటారు. ఇతను ఇంటికి వచ్చేశాడు.

మొయినాబాద్ దాటితే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్లు మొదలవుతాయి. రోడ్డు వెడల్పు కోసం వీటిని కొట్టేస్తారని ఏళ్ల తరబడి కొట్లాట నడిచింది. ఆ నీడలో బండి నడుపుతూ తన కథ చెప్పుకొచ్చాడు. దుండిగల్‌లో తొలి శిక్షణ పిలాటస్ పీసీ-7 మీద. 2013 నుంచి వాడుతున్న స్విస్ విమానం, ముందు ప్రొపెల్లర్. మొదట్లో లూప్ కొట్టించినప్పుడల్లా ఇతనికి వాంతులు. అవి తగ్గేసరికి ల్యాండింగ్ పట్టుకుంది. రన్‌వే ఇంకా చాలా కింద ఉండగానే ముక్కు పైకెత్తేసేవాడు. విమానం గాల్లో తేలి తేలి దబ్బున పడేది.

"ఇంకో పది గంటలిస్తే వచ్చేది" అన్నాడు.

వచ్చేదేమో. ఆ పది గంటలు ఇవ్వకపోవడమే అక్కడి పద్ధతి. ఖర్చు ప్రభుత్వానిది. రేపు ఇదే మనిషి ఫైటర్‌లో ఒంటరిగా కూర్చోవాలి. అందుకే నేర్చుకున్నాడా లేదా అన్నదొక్కటే కాదు, ఎంత తొందరగా నేర్చుకున్నాడన్నదీ చూస్తారు. చెక్ రైడ్‌లో కాదంటే కాదనే. ఒకసారి సస్పెండయినవాళ్లు మళ్లీ ఫ్లయింగ్ బ్రాంచికి అర్హులు కారని నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది. నాకది అన్యాయంగా తోచలేదు. కానీ ఆ తీర్పును "నువ్వు పైలట్‌వి కాలేవు" అని చదువుకోవడం మాత్రం తప్పు.

ఎయిర్‌లైన్‌కు లూప్ అక్కర్లేదు. కాక్‌పిట్‌లో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు కనిపెట్టుకుని ఉంటారు. చెక్‌లిస్టు ప్రకారం అదే పని అదే తీరున వెయ్యిసార్లు చేయగలిగినవాడే అక్కడ మంచి పైలట్. కడుపులో తిప్పి ఆగిపోయినవాడికి, పది గంటలు చాలక ఆగిపోయినవాడికి ఈ దారి మూసుకుపోలేదు. చూపులోనో వినికిడిలోనో లోపంతో ఆగినవాడు మాత్రం ఆలోచించుకోవాలి. ఎయిర్‌లైన్ సిమ్యులేటర్ శిక్షణలోనూ గడువులుంటాయి, అదొకటి మరిచిపోకూడదు.

చేవెళ్లకు ఇవతల వాళ్ల పొలంలో చామంతి కోత నడుస్తోంది. తండ్రి సంచి భుజాన వేసుకుని గట్టు మీదికొచ్చాడు. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. దక్షిణాన షాబాద్ దిక్కున ఒక విమానం చక్రాలు దించుకుని తూర్పుకు పోతోంది. తూర్పుగాలి ఉన్నప్పుడు శంషాబాద్‌లో దిగే విమానాలు గాలికి ఎదురుగా ఇటునుంచే వస్తాయి. తండ్రి తలెత్తి చూడలేదు.

"ఆడ వద్దన్నరు, ఈడ పైసలడుగుతున్నరు. ఏంజెయ్యాలె సార్?"

ఇంతకంటే సూటిగా నేనూ చెప్పలేను. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. దానికి అరకోటి దాకా, ఆపైన కూడా అవుతుంది. ఎయిర్‌బస్ లాంటి విమానం నడపడానికి టైప్ రేటింగ్ ఖర్చు వేరు. ఎయిర్‌లైన్ల క్యాడెట్ ప్రోగ్రాములైతే కోటి దగ్గర తేలుతాయి. ఇక్కడ పది గంటలు ఎక్కువ కావాలంటే కొనుక్కోవచ్చు.

అంత అప్పుకు బ్యాంకు తాకట్టు అడుగుతుంది. వ్యవసాయ భూమిని పెడతానంటే మొహం చాటేస్తుంది. బాకీ పడితే సర్ఫేసీ చట్టం కింద సాగుభూమిని స్వాధీనం చేసుకోవడం కుదరదు మరి. ప్లాట్లు చేద్దామంటే 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్లను కాపాడ్డానికి 1996లో 84 ఊళ్ల మీద పెట్టిన కట్టడి. దాన్ని సడలిస్తూ 2022లో 69 జీవో వచ్చినా ఈయన పొలం పొలంగానే ఉంది. మిగిలింది అమ్ముకోవడమే.

అమ్మితే ఉద్యోగం ఖాయమా? ఇండిగో 2023లో ఒకేసారి 500 విమానాలకు ఆర్డరిచ్చింది, ఎయిర్ ఇండియా 470కి. పైలట్ స్కూళ్ల ప్రకటనలన్నీ ఈ అంకెలతోనే మొదలవుతాయి. అదే ఏడాది దేశంలో 1,622 కమర్షియల్ లైసెన్సులు ఇచ్చారన్నది వాటిలో కనబడదు. విమానాలేమో ఏళ్ల తరబడి, విడతలవారీగా వస్తాయి. లైసెన్సు చేతబట్టుకుని ఇంట్లో కూర్చున్నవాళ్లు తక్కువేం లేరు.

అందుకే ఖర్చు తక్కువున్న పనులు ముందు చేయమన్నాను. పౌర విమానయాన డైరెక్టరేట్ (డీజీసీఏ) క్లాస్-2 మెడికల్, ఆ వెంటనే క్లాస్-1. చిత్రమేమిటంటే ఈ క్లాస్-1 పరీక్షకు పౌర పైలట్లు కూడా బెంగళూరులోని ఎయిర్ ఫోర్స్ వైద్య కేంద్రం లాంటి చోట్లకు వెళ్తుంటారు. కుర్రాడి మొక్కు దీనికే. తర్వాత నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ వంటి పేపర్లు. 70 శాతం రావాలి, ఇంట్లో కూర్చుని చదవొచ్చు. బీటెక్ ఉంది కాబట్టి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్ల ట్రాఫిక్ కంట్రోలర్ పరీక్ష కూడా రాసి ఉంచుకోవాలి. ఇంటర్వ్యూలో దుండిగల్ సంగతి దాచొద్దని కూడా చెప్పాను.

తండ్రి అంతా విన్నాడు. "ముందుగాల డాక్టర్ల కాడ పాసవ్వాలె, పేపర్లు గట్టెక్కాలె. పొలం ముచ్చట అటెనుక" అని కొడుకుతో తేల్చేసి నా వైపు తిరిగాడు. "గుడిమల్కాపూర్ దిక్కే పోతున్నరా సార్? రెండు మూటలున్నయ్, కార్ల ఏస్కపోతరా?"