నుదుటి ఎముకలో కణితి

తలనొప్పి రాగానే ‘నాకు సైనస్ ఉంది’ అనడం మనకు అలవాటు. సైనస్ జబ్బు పేరు కాదు. ముఖపుటెముకలలో గాలి నిండి ఉండే గదులకు ఆ పేరు.

నేను ప్రభుత్వ వైద్యశాలలో పనిచేసే రోజులలో ఒక యువకుడు ఎడమ కనుబొమపై నొప్పితో వచ్చాడు. రెండు పర్యాయములు యాంటీబయాటిక్స్ వ్రాసి పంపివేశాను. మూడవసారి ఎక్స్‌రే తీయిస్తే, నల్లగా కనిపించవలసిన సైనస్ గదిలో శనగగింజంత తెల్లని మచ్చ కనిపించింది. సి.టి. స్కానులో అది అంచులు స్పష్టముగా ఉన్న, ఏనుగుదంతము వలె గట్టిపడిన ఎముక. దీనిని ఆస్టియోమా అంటారు. సైనసులలో పుట్టే నిరపాయకరమైన కణుతులలో తరచుగా కనిపించేది ఇదే. అంచులు తెలియక, గరుకు గాజు వలె మసకగా, ఎముకే ఉబ్బినట్లు కనిపిస్తే అది ఫైబ్రస్ డిస్‌ప్లేసియా కావచ్చు. అది కపాలపు అడుగుభాగములో కంటి నరము చుట్టూ ఉంటే చూపును క్రమముగా పరీక్షిస్తూ ఉండాలి.

ఆస్టియోమా మెల్లగా పెరుగుతుంది. బాధ పెట్టకుంటే అప్పుడప్పుడు స్కాను తీసి చూస్తే చాలు. సైనస్ ద్వారమును మూసివేసినా, కంటి వైపునకు గాని మెదడు వైపునకు గాని పెరిగినా శస్త్రచికిత్స అవసరమవుతుంది.

కేన్సరు కాదని చెప్పగానే వెంట వచ్చిన తల్లి చేతులు జోడించింది. ఆ మాటతో వారిని పంపివేయవలసినవాడినే. ఎందుకో అతని దవడ తడిమి చూశాను. క్రింది దవడ మూలలో రెండు గట్టి బుడిపెలు చేతికి తగిలాయి. మొదటి రెండుసార్లు వచ్చినప్పుడు అక్కడ చేయి వేయలేదు, తండ్రి గురించి అడగనూ లేదు. ఇప్పుడు అడిగాను.

“నలభై ఏళ్లకే పోయారండి. ఆసనము నుండి రక్తం పడుతుంటే మొలలనుకున్నాం” అన్నది తల్లి.

కొలనోస్కోపీ చేయిస్తే అతని పెద్దప్రేగులో వందలాది పాలిప్స్ ఉన్నాయి. 1950లలో అమెరికాలో ఎల్డన్ గార్డ్‌నర్ వర్ణించిన వంశపారంపర్య వ్యాధి ఇది. ఎముక కణుతులు పాలిప్స్ కన్నా ఏళ్ల ముందే కనిపించవచ్చు. పెద్దప్రేగు తీసివేయకపోతే ఆ పాలిప్స్ దాదాపు తప్పక కేన్సరుగా మారుతాయి. రోగి సంతానములో ప్రతి ఒక్కరికీ ఇది సంక్రమించే అవకాశము సగము. అయితే సైనస్‌లో ఒక్క ఆస్టియోమా ఉన్నవారు భయపడనక్కరలేదు. వారిలో చాలామందికి ఈ వ్యాధి ఉండదు. దవడలోను, కపాలములోను పలుచోట్ల కణుతులు ఉంటే మాత్రము మీ వైద్యునితో కుటుంబ చరిత్ర తప్పక చెప్పండి.

అతనికి సకాలములో శస్త్రచికిత్స జరిగింది. చెల్లెలికి అప్పుడు పదహారేళ్లు. ‘పెళ్లి కావలసిన పిల్ల’ అని తల్లి పరీక్షకు వెనుకాడింది. మూడు ఉత్తరములు వ్రాశాను. నాలుగవ నెలలో ఆ అమ్మాయి అన్నను వెంటబెట్టుకొని తానే వచ్చింది.