తాత ఎక్కిన లాంచీ, మనవడు ఎక్కిన లాంచీ

ముక్కోటి దగ్గరపడుతుంటే మా వైపు చలి గట్టిగానే దిగుతుంది. పాల్వంచ దాటి అడవి మొదలయ్యాక ఏ ఊళ్ళో చూసినా నాలుగు చితుకులు పోగేసి మంట వేసుకుంటారు. దాని చుట్టూ చేరినవాళ్ళు రేపటి సంగతులు మాట్లాడరెందుకో, పాతవే తవ్వుకుంటారు. మీరూ కాస్త ఇటు జరగండి, పొగ అటే కొడుతోంది.

2006 వేసవి గుర్తుందా? మార్చి 30న ‘శ్రీరామదాసు’, ఏప్రిల్ 28న ‘పోకిరి’, మే 19న ‘గోదావరి’. రెండు నెలలు తిరక్కుండా మూడూ వచ్చాయి. ‘పోకిరి’ సంగతి తర్వాత చెప్తాను. మిగతా రెండూ భద్రాచలం దారి పట్టినవే, రెండూ పాత సినిమాల్ని తలుచుకున్నవే. రామదాసు కథను అంతకుముందు నాగయ్యగారు 1964లో తీశారు, వేషం కూడా తనే కట్టారు. రాజమండ్రిలో లాంచీ ఎక్కి రాములవారి దగ్గరికి పోయే కథను బాపు, రమణలు ‘అందాల రాముడు’గా 1973లో చెప్పారు.

ఇందులో ఓ తమాషా ఉంది. 1973లో ఆ లాంచీ ఎక్కింది అక్కినేని నాగేశ్వరరావు. 2006లో ‘గోదావరి’లో ఎక్కింది ఆయన మనవడు సుమంత్. అదే ఏడు ఆయన కొడుకు నాగార్జున రామదాసు అయ్యాడు, ఆ సినిమాలోనే కబీరుగా కనిపించింది మళ్ళీ పెద్దాయనే! ఆ ఇంటివాళ్ళు భద్రాద్రి రాముడికి ఏ జన్మలో బాకీ పడ్డారోగానీ, మూడు తరాలవాళ్ళు తీర్చుకున్నారు.

ఇలా పాతవే ఎందుకు తిరిగొస్తాయి? పిల్లలుగా ఉన్నప్పుడు చూసినదాన్ని, పెద్దయి చేతిలో నాలుగు డబ్బులు ఆడాక మళ్ళీ తెచ్చుకుంటారని, అందుకే ఇరవై ముప్పై ఏళ్ళకోసారి పాత ఫ్యాషన్ తిరిగొస్తుందని తెలిసినవాళ్ళు చెబుతుంటారు. అమెరికాలో 1974లో మొదలైన ‘హ్యాపీ డేస్’ అనే టీవీ సీరియల్ 1950ల ముచ్చటే. (మన శేఖర్ కమ్ముల ‘గోదావరి’ తర్వాత తీసిన సినిమాకూ అదే పేరు పెట్టాడు. ఆ కాలేజీ సినిమాను తలుచుకుని నిట్టూర్చేవాళ్ళు ఇప్పుడు మన ఇళ్ళల్లో ఉన్నారు.)

బాగానే ఉంది. కానీ ‘గోదావరి’ తీసిన శేఖర్ కమ్ముల పుట్టింది 1972లో. ‘అందాల రాముడు’ వచ్చేనాటికి ఆయన పాలు తాగే పిల్లాడు. మరి ఆయనకా లాంచీ మీద బెంగ ఎక్కడిది? అంతకంటే ముందుకు పోదాం. భద్రాచలం దగ్గర గోదారి మీద వంతెన 1965లోనే పడింది. ‘అందాల రాముడు’ వచ్చేసరికే ఖమ్మంలో బస్సెక్కితే సారపాక దాటి, వంతెన మీదుగా గుడి దాకా పోవచ్చు. అలాంటప్పుడు లాంచీలో తాపీగా పాపికొండల మధ్య నుంచి ఎదురెక్కిపోవడం అప్పటికే పాతకాలపు సరదా. ధవళేశ్వరంలో పుట్టిన రమణగారికి గోదారి మీద ఉన్న మమకారం సరే, చూసినవాళ్ళలో ఎంతమంది లాంచీలో వెళ్ళి రాముణ్ణి చూశారంటారు? సొంత జ్ఞాపకమే ఉండాలని ఈ బెంగకు పట్టింపేమీ లేదన్నమాట. ఇంట్లో పెద్దవాళ్ళు పదిసార్లు చెప్తే చాలు, మనమే వెళ్ళొచ్చినట్టుంటుంది.

రామదాసు సంగతే చూడండి. నేలకొండపల్లి గోపన్న 17వ శతాబ్దం మనిషి, తానీషా కాలంలో మన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గుడి కట్టించాడు, గోల్కొండ ఖైదులో పడ్డాడు, కీర్తనలు పాడుకున్నాడు. ఆయన పోయిన నూరేళ్ళ పైచిలుకు తర్వాత గుంటూరు వైపు నుంచి తూము నరసింహదాసు భద్రాచలం వచ్చాడు. దేవుడి సేవలను మళ్ళీ ఓ దారిలో పెట్టి, తనూ కీర్తనలు కట్టాడు. రెండో రామదాసు అన్నారు జనం. మొదటి రీమేక్ ఇదేనని నేనంటే మా పెద్దలు కోప్పడతారు, అయినా అంటాను. టాకీలొచ్చిన కొత్తలో, 1933లోనే రామదాసు తెరకెక్కాడు. ఆ తర్వాత రేడియో పట్టుకుంది. బాలమురళిగారి గొంతులో ఆ కీర్తనలు తెల్లవారేసరికి ఇంటింటా వినపడేవి. మా నాయనల తరానికి రామదాసు అంటే ఖైదులో మగ్గిన తహసీల్దారు కాదు, బాలమురళి గొంతే. శ్రీరామనవమి నాడు ఉషశ్రీగారు రేడియోలో చెబుతుంటే, భద్రాచలం ఎన్నడూ చూడనివాళ్ళు కూడా కల్యాణం చూసొచ్చినంత ధీమాగా మాట్లాడేవారు. ఉషశ్రీగారి గొంతును ఇప్పుడు యూట్యూబులో వెతుక్కుంటున్నారు.

తిరిగొచ్చిన ప్రతిసారీ రామదాసు ఆ కాలం బట్టలే తొడుక్కున్నాడు. నాగయ్యగారి దగ్గర భక్తుడు. 2006లో రాఘవేంద్రరావుగారి చేతిలో పడ్డాడు కాబట్టి భార్యతో పాటలూ పాడాడు. కొందరు నొచ్చుకున్నారుగానీ నాకేం బాధ లేదు. కీరవాణి పాటలు విని ఆ కీర్తనల దాకా వచ్చిన పిల్లలు ఉన్నారు మరి.

ఇక ‘పోకిరి’. 2022 ఆగస్టు 9, మహేశ్ బాబు పుట్టినరోజు. పదహారేళ్ళ నాటి సినిమాను 4కేకు మార్చి మళ్ళీ థియేటర్లలో వేశారు. వెనకాలే సెప్టెంబరులో ‘జల్సా’, డిసెంబరు 31న ‘ఖుషి’. అప్పట్నుంచీ హీరో పుట్టినరోజు వచ్చిందంటే పాత సినిమా వచ్చినట్టే. పాత బొమ్మ మళ్ళీ ఆడించడం మనకు కొత్తేం కాదు. 1957 నాటి ‘మాయాబజార్’, 1963 నాటి ‘లవకుశ’ ఎన్నిసార్లు తిరిగొచ్చాయో ఎవరికి లెక్క? ‘మాయాబజార్’ అయితే 2010లో రంగులు పులుముకుని మరీ వచ్చింది. కానీ ఆ రోజుల్లో మళ్ళీ చూడాలంటే బొమ్మ మళ్ళీ ఊళ్ళోకి రావాల్సిందే. ఇప్పుడు ‘పోకిరి’ ఫోన్లోనే ఉంది. ఫోన్లో లేనిది పక్కసీటువాడి ఈల, ముందు వరసవాడు ఎగరేసిన కాగితం ముక్కలు. వాటి కోసం డబ్బులు పెట్టి పోతున్నారు. తెర మీద డైలాగు ఒక్కటీ వినపడదు, హాలంతా ముందే చెప్పేస్తుంది. ఆ అరిచే పిల్లల్లో సగం మందికి 2006లో నిక్కరు గుండీ పెట్టుకోవడం కూడా వచ్చి ఉండదు. శేఖర్ కమ్ముల లాంచీ లాంటిదే ఇదీ.

ఒకటి గమనించారా? నాగయ్యగారి నుంచి నాగార్జున దాకా 42 ఏళ్ళు పట్టింది. లాంచీ నుంచి లాంచీకి 33. ‘పోకిరి’కి 16. ఈ లెక్కన పోయిన సంక్రాంతి సినిమాను వచ్చే సంక్రాంతికి తలుచుకుని ఏడుస్తామేమో.

నాకు గుచ్చుకునేది ఇంకోటుంది. రెండు లాంచీలూ పోతుంటే ఒడ్డున కొండలు, గుడిసెలు అందంగా వెనక్కి జరుగుతాయి. ఆ గుడిసెల్లో ఉండేది కోయలు, కొండరెడ్లు. 2014లో భద్రాచలం వైపున్న ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి, పోలవరం ముంపు కోసం ఒడ్డు ఊళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. లాంచీలో కూచుని చూసినవాడికి పాపికొండలు పోతున్నాయని బెంగ. ఇల్లు విప్పుకుని పోయినవాళ్ళ బెంగను ఏ సినిమా లాంచీ ఎక్కించుకుంది?

కోయల పాతకథలు అడిగితే డోలు పట్టుకుని చెప్పేవారు సకిని రామచంద్రయ్యగారు. మణుగూరు మండలం కూనవరం ఆయనది. సమ్మక్క, సారలమ్మల కథ పుస్తకం చూడకుండా పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. ఆ పాటకు 4కే ప్రింటు ఉండదు, ఫ్యాన్స్ షో ఉండదు. ఇరవై ఏళ్ళు పెట్టెలో పెట్టి తీద్దామంటే కుదిరేదీ కాదు, పాడేవాడి పక్కన కూచుని ఎవడో ఒకడు పట్టుకోవాలి.

మణుగూరు వైపు పోయేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, నేనూ వస్తా. ‘పోకిరి’ కబుర్లేమైనా మిగిలితే దారిలో చెప్పుకుందాం.