అత్తమ్మ ఎక్కగలిగే కారు, నేను నడపగలిగే కారు

కిందటి దసరాకు మా ఇంటికి కారొచ్చింది. మా ఇంట్లో మొదటి కారు అదే. ఏది కొన్నారు, ఎందుకు కొన్నారు, ఎంతయింది అని చుట్టాలు, సంఘంలో అక్కలు, మా చెల్లెళ్లు అందరూ అడుగుతున్నారు. అందరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోయింది. అందుకే ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. కారు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లకు ఏమైనా పనికొస్తుందేమో చూడండి.

మాది లింగాల ఘనపూర్. ఎవరికి చెప్పినా "స్టేషన్ ఘనపూరా?" అంటారు. 2016లో కొత్త జిల్లాలు అయినప్పటి నుంచి రెండు ఘనపూర్లూ జనగామ జిల్లాలోనే ఉన్నాయి గానీ, రైలు ఆగేది వాళ్లకే. మాకు రోడ్డే గతి. మా ఆయన రోజూ బండి మీద జనగామకు ఉద్యోగానికి పోయి వస్తారు. బాబు ఇంటర్, పాప తొమ్మిదో తరగతి. ఇంటి దగ్గర పగలంతా ఉండేది నేనూ, అత్తమ్మా. ఆమెకు మోకాళ్లు, షుగర్, బీపీ. నెలకోసారి జనగామ, రెండు మూడు నెలలకోసారి హనుమకొండ తిరగాల్సిందే.

కారు మాట గట్టిగా మొదలైంది ఒక రాత్రి. మా ఆయన పెళ్లికని హైదరాబాద్ పోయారు. రాత్రి పదకొండు దాటాక అత్తమ్మకు చెమటలు పట్టి, ఛాతీలో బరువుగా ఉందంది. 108కి ఫోన్ చేస్తే వచ్చింది, తీసుకుపోయింది. పరీక్షలన్నీ చేసి గుండె బాగానే ఉంది, షుగర్ పడిపోయింది అన్నారు. తెల్లవారుజామున మూడింటికి ఇంటికి పొమ్మన్నారు. 108 తీసుకుపోతుంది గానీ మళ్లీ ఇంట్లో దింపదు కదా. తెలిసిన కిరాయి కారు అబ్బాయికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. అత్తమ్మ తల నా ఒళ్లో పెట్టుకుని తెల్లారేదాకా ఆస్పత్రి బెంచీ మీదే కూర్చున్నాం. మా ఆయన తిరిగొచ్చి ఈ సంగతి విన్నాక, "ఇంక కారు తీసుకుందాం" అన్నది ఆయనే.

తీసుకుందాం అనుకోవడం ఒక ఎత్తు, ఏది అన్నది ఇంకో ఎత్తు. కొత్త కారంటే ఇంట్లో ఒక్కొక్కరు మనసులో ఒక్కో కారు కొనేస్తారు. మా బాబు రాత్రుళ్లు ఫోన్లో వీడియోలు చూసి సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, రెండు రంగుల బాడీ అని లిస్టు రాశాడు. మా ఆయనకు మైలేజీ, మళ్లీ అమ్మితే వచ్చే ధర ముఖ్యం. పాపకు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోటుంటే చాలు. మా అమ్మ కాలంలో ఈ తిప్పలు లేవు. పెళ్లికి పిలిచే కారు అంబాసిడరే. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చాక కూడా చాలా ఏళ్లు కారంటే రెండు మూడు పేర్లే. ఇప్పుడు ఒక్కో కంపెనీలో పది మోడళ్లు, ఒక్కో మోడల్లో పది వేరియంట్లు. బట్టల దుకాణంలో చీరలన్నీ ముందు పరిచినట్టే ఉంటుంది.

స్టైల్ అంటే నాకూ ఇష్టమే. అంచు, కొంగు చూడకుండా చీర కొంటామా? కానీ ముందు బట్ట ఎట్లా ఉంది, రంగు నిలుస్తుందా అని చేత్తో పట్టి చూస్తాం. కారు దగ్గర మాత్రం ఆ పని మగవాళ్లకు వదిలేస్తాం. మేం హనుమకొండలో మొదట పోయిన షోరూంలో కూడా అదే జరిగింది. అక్కడి అబ్బాయి అరగంటసేపు ఇంజిన్, పవర్, ఫీచర్లు అన్నీ మా ఆయనకు, బాబుకు చెప్పి, చివరికి నా వైపు తిరిగి "మేడం, కలర్ మీరు సెలెక్ట్ చేయండి" అన్నాడు. రంగు తర్వాత చూద్దాంలే అని వెనక తలుపు తీసి అత్తమ్మను కూర్చోబెట్టాను.

ఆ పరీక్షతోనే సగం కార్లు లిస్టులోంచి పోయాయి. కిందికి ఉండే కార్లలో ఆమె కూర్చోవడమంటే పడిపోయినట్టే ఉంది, లేవడానికి ఇద్దరం చెరో చెయ్యి పట్టాల్సి వచ్చింది. మరీ ఎత్తైన పెద్ద బండ్లలో కాలు పైకి అందలేదు. "గింత ఎత్తా బిడ్డా, పీట తెచ్చుకోవాల్నా?" అంది. సీటు మనిషి నడుము ఎత్తుకు ఉంటే ముందు కూర్చుని, తర్వాత మెల్లగా కాళ్లు లోపలికి తిప్పుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే సుఖం. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, పట్టుకుని లేవడానికి పైన పిడి ఉందా అన్నవి కూడా అప్పుడే చూశాను. ఇవేవీ వీడియోల్లో చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను షోరూంకు తీసుకుపోవాల్సిందే.

తర్వాత చూసింది నేలకూ కారు అడుగుకూ మధ్య ఎత్తు. దాన్ని మిల్లీమీటర్లలో చెబుతారు. స్విఫ్ట్‌కు 163, ఎక్స్‌టర్‌కు 185, పంచ్‌కు 187, మాగ్నైట్‌కు 205. పట్నంలో ఈ తేడా అంత తెలియకపోవచ్చు. మా దగ్గర ప్రతి ఊరి ముందర ఎవరికి తోచినంత ఎత్తులో వాళ్లు స్పీడ్ బ్రేకర్ పోస్తారు. వడ్ల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, అవతలి నుంచి ట్రాక్టర్ వస్తే మన బండి మట్టిలోకి దిగక తప్పదు. నలుగురు ఎక్కి, డిక్కీలో బియ్యం మూట పెట్టాక ఆ ఎత్తు ఇంకా తగ్గుతుంది. అందుకే 180కి తగ్గకూడదు అనుకున్నాం.

ఇక భద్రత. కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకు గుద్దించి, లోపల పెట్టిన బొమ్మలకు ఎంత దెబ్బ తగిలిందో చూసి నక్షత్రాలు ఇస్తారు. మన దేశంలో తయారైన కార్లలో మొదట అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నది 2018లో నెక్సాన్. 2021లో పంచ్‌కు, 2024లో కొత్త డిజైర్‌కు కూడా అయిదు వచ్చాయి. 2023 అక్టోబర్ నుంచి మన ప్రభుత్వమే భారత్ ఎన్‌క్యాప్ పేరుతో ఈ పరీక్షలు మొదలుపెట్టింది. పెద్దలకు ఎన్ని, పిల్లలకు ఎన్ని అని విడివిడిగా ఇస్తారు, రెండూ చూడండి. ఇంకో మాట. ఆ బొమ్మలకు బెల్టు పెట్టే పరీక్ష చేస్తారు. బెల్టు పెట్టుకోకపోతే ఆ నక్షత్రాలు మనకు వర్తించవు. 2022 సెప్టెంబర్‌లో సైరస్ మిస్త్రీ అంత పెద్ద కారులో పోతూ చనిపోయారు. ఆయన వెనక సీట్లో కూర్చున్నారు, బెల్టు పెట్టుకోలేదు అని పోలీసులు చెప్పారు. వెనక సీటంటే ఎవరిది? మనదీ, పిల్లలదీ, పెద్దవాళ్లదీ. "కట్టేసినట్టుంది" అని అత్తమ్మ గొణుగుతుంది గానీ, బెల్టు పెట్టందే బండి కదలనివ్వను.

ఈలోగా పన్ను సంగతి వచ్చిపడింది. 2025 ఆగస్టు 15న జీఎస్టీ తగ్గిస్తామని ప్రకటన రాగానే కొనాలనుకున్న వాళ్లంతా ఆగిపోయారు, మేమూ ఆగాం. సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మ, తెల్లారి 22 నుంచి కొత్త రేట్లు. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోల్ కార్లకు సెస్సుతో కలిపి 29 శాతం ఉన్న పన్ను 18 అయింది. అసలు ధర 6 లక్షలనుకోండి. ముందు 7 లక్షల 74 వేలు అయ్యేది, ఇప్పుడు 7 లక్షల 8 వేలు. 66 వేలు మిగిలినట్టే.

ఆ మిగిలిన డబ్బు దగ్గరే మా ఇంట్లో అసలు గొడవ. "ఎట్లాగూ తగ్గింది కదా, సన్‌రూఫ్ ఉన్న పై వేరియంట్ తీసుకుందాం, ఇంకో లక్ష లోను పెంచుదాం" అన్నారు తండ్రీ కొడుకులు. నేను బాబు లెక్కల నోటుబుక్కే తీసుకుని కూర్చున్నాను. 9 శాతం వడ్డీకి 5 లక్షలు తీసుకుంటే అయిదేళ్లకు నెలకు దాదాపు 10,380 కట్టాలి. అదే ఏడేళ్లకైతే నెలకు 8,045 అవుతుంది. నెలకు తక్కువే అనిపిస్తుంది గానీ, మొత్తం మీద 53 వేలు ఎక్కువ కడతాం. ఇంకో లక్ష పెంచితే అయిదేళ్లపాటు నెలకు 2,076 అదనం. అత్తమ్మ మందులకు నెలకు అయ్యేది సరిగ్గా అంత. పాప చదువుకని వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, దాన్ని ముట్టుకోవద్దని ముందే చెప్పాను. "మన ఎండలకు సన్‌రూఫ్ ఏడాదికి ఎన్ని రోజులు తెరుస్తావురా?" అని బాబును అడిగితే కాసేపు ఆలోచించి, "వానాకాలంలో కూడా తెరవలేం కదా" అని వాడే నవ్వాడు.

అప్పుడు నా మనసులో ఉన్నది బయటపెట్టాను. "లక్ష కాదు గానీ, కొంచెం పెంచుదాం. గేర్లు ఆటోమేటిక్‌వి తీసుకుందాం" అన్నాను. క్లచ్ తొక్కే పని లేకుండా గేర్లు దానంతట అదే మార్చుకునే ఏఎంటీ మన చిన్న కార్లలోకి 2014లో సెలెరియోతో వచ్చింది. ఇప్పుడు చాలా చిన్న కార్లలో దొరుకుతోంది. మామూలు గేర్ల కారు కన్నా ధర కొంత ఎక్కువే గానీ సన్‌రూఫ్ వేరియంట్ అంత కాదు.

"ఆటోమేటిక్ ఎందుకు? నేను గేర్ల బండి మంచిగనే నడుపుతా" అన్నారు మా ఆయన.

"మీకు కాదు, నాకు."

"నువ్వు నడుపుతవా?"

"నడుపుతా."

ఇల్లంతా చప్పుడు లేదు. మా వాడలో కారు నడిపే ఆడమనిషి అప్పటికి ఒక్కరూ లేరు. ఆయన ఏమంటారోనని నేను చూస్తుంటే, మంచం మీద నుంచి అత్తమ్మ అందుకుంది. "నేర్చుకోనియ్యిరా. నువ్వు ఊర్ల లేనినాడు నన్నెవలు తీస్కపోతరు? కారు వాకిట్ల వెట్టుకొని మళ్ల బెంచీ మీద వండుమంటవా?"

ఇంకెవరూ మాట్లాడలేదు. నమ్మకమైన కారు అంటే ఇంజిన్ చెడిపోనిది అనే అందరం అనుకుంటాం. ఇంజిన్ ఎంత మంచిదైనా, అవసరం పడ్డప్పుడు ఇంట్లో ఉన్న మనిషి నడపలేకపోతే అది వాకిట్లో నిలబెట్టిన ఇనుప ముక్కే. మా ఆయన వారంలో ఆరు రోజులు బండి మీద పోతారు, కారు ఉండేది నా దగ్గర. అత్తమ్మ ఉండేదీ నా దగ్గరే.

చివరికి పంచ్ పెట్రోల్, ఏఎంటీ, సన్‌రూఫ్ లేని మధ్య వేరియంట్ తీసుకున్నాం. దాని తలుపులు దాదాపు 90 డిగ్రీలు తెరుచుకోవడం, సీటు అత్తమ్మ నడుముకు సరిపోవడం మాకు కలిసొచ్చాయి. మీ ఇంటికి ఇంకోటి సరిపోవచ్చు. మీ ఇంటి మనుషులు, మీ ఊరి రోడ్లు వేరు కదా. తీసుకునే ముందు ఊళ్లో కిరాయికి తిప్పే వాళ్లను, మెకానిక్‌ను మూడు మాటలు అడిగాం: సర్వీస్ ఎంత దూరం, సామాన్లు ఎన్ని రోజులకు దొరుకుతాయి, ఏడాదికి సర్వీస్ ఖర్చు ఎంత. రోజూ బండ్లతో బతికే వాళ్లు చెప్పే జవాబు ఏ ప్రకటనలోనూ ఉండదు.

ధర మాట్లాడేటప్పుడు ఎక్స్ షోరూం కాదు, ఆన్ రోడ్ ధర అడగండి. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు అన్నీ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. కారు ధర పది లక్షలు దాటితే మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ శాతం కూడా పెరుగుతుంది. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని లేదు, బయట కూడా అడిగి చూడొచ్చు. మేం అలా అడిగాకే షోరూం వాళ్లు కొంత తగ్గించారు. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, అది తప్పదు. ఈ పని మనకు కొత్తేం కాదు. కూరగాయల దగ్గర అడిగినట్టే అడగాలి, అంతే.

రంగు మాత్రం బాబుకే వదిలేశాను. మా చెలక నేలల ఎర్ర దుమ్ముకు తెలుపు ఆగదని తెలిసి, బూడిద రంగు వాడే ఎంచాడు. నిజం చెప్పొద్దూ, బాగుంది. జీడికల్ రామచంద్రస్వామి గుడి దగ్గర పూజ చేయించాం. టీజీ 27 నంబరు వచ్చింది.

ఆ తర్వాత నేను లెర్నింగ్ లైసెన్స్ తీసుకుని, జనగామలో డ్రైవింగ్ స్కూల్లో చేరాను. లెర్నింగ్ వచ్చిన నెల రోజులకు అసలు పరీక్షకు పోవచ్చు. రివర్స్ తీసేటప్పుడు ఇప్పటికీ చేతులు చెమట పడతాయి. మా ఆయన పక్కన కూర్చుంటే ఇంకా ఎక్కువ పడతాయి, అందుకే ఆయన్ను వెనక కూర్చోమంటాను. పోయిన నెల అత్తమ్మను చూపించడానికి జనగామ ఆస్పత్రికి మేమిద్దరమే పోయి వచ్చాం. దారంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు, భయపడిందేమో అనుకున్నాను. ఇంటి ముందు ఆపాక మెల్లగా కాళ్లు బయటికి తిప్పుకుని, "మళ్ల నెల గూడ మనమే పోదాం. వాడు సెలవు వెట్టుడెందుకు?" అంది.