సేటును లెక్క అడిగిన ఎన్నిక

2012 అమెరికా ఎన్నికల్లో ఒబామా మీద నిలబడ్డ మిట్ రామ్నీ జనానికి గట్టిగా చెప్పుకున్న మాట ఒకటుంది. నేను వ్యాపారం తెలిసినవాణ్ణి, ఉద్యోగాలు ఎట్లా పుట్టించాలో నాకు తెలుసు అని. ఆయన మీద పెద్ద దెబ్బ కూడా అక్కడే పడింది. నీ కంపెనీ కొన్న ఫ్యాక్టరీలు ఏమైనయి, వాటిలో పనిచేసినోళ్లు ఏమైన్రు అని అడిగారు. గిర్ని కార్మికుని బిడ్డను కాబట్టి ఆ ఏడాది ఆ వార్త పేపర్లో ఎక్కడ కనిపించినా ఆగి చదివాను.

రామ్నీ 1984లో బెయిన్ క్యాపిటల్ అనే కంపెనీ పెట్టిన వాళ్లలో ఒకడు. అది ఏ వస్తువూ తయారుచేయదు. కంపెనీలను కొని, మార్చి, అమ్ముతుంది. మన భివండీ లెక్కలో చెప్తే ఇట్లా ఉంటది. పది సాంచాల కార్ఖానా కొనేటోడు జేబులోంచి రెండు సాంచాల పైసలే పెడతాడు. మిగతా ఎనిమిదింటికి అప్పు తెస్తాడు. ఆ అప్పు తన పేరు మీద కాదు, కార్ఖానా పేరు మీదనే. కార్ఖానా బాగా నడిస్తే లాభం ఆయనది. నడవకపోతే ఆయన పోగొట్టుకునేది రెండు సాంచాల పైసలే, అది కూడా ముందే వెనక్కి తీసుకోకపోతే.

ఆ 'ముందే తీసుకోవడం' కాన్సస్ సిటీలోని ఉక్కు మిల్లు కథలో బాగా కనిపిస్తుంది. 1888 నుంచి నడిచిన మిల్లు అది. బెయిన్ 1993లో 80 లక్షల డాలర్లు పెట్టి, ఇంకొందరితో కలిసి దాన్ని కొన్నది. మరుసటి ఏడే కంపెనీ పేరు మీద పెద్ద అప్పు తెచ్చి, 3 కోట్ల 60 లక్షల డాలర్లు డివిడెండుగా తీసుకున్నారు. తర్వాత కొంత మళ్లీ పెట్టారు, అది కూడా చెప్పాలి. 2001లో కంపెనీ దివాలా తీసింది. 750 మంది పని పోయింది. పింఛను నిధిలో పైసలు చాలక సర్కారు బీమా సంస్థ 4 కోట్ల 40 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. ఇస్తామన్న ఆరోగ్య బీమా కూడా పోయింది.

ఈ కథలు బయటికి తెచ్చింది ఒబామా మనుషులు ఒక్కరే కాదు. 2012 జనవరిలో రామ్నీ సొంత పార్టీలో ఆయనతో పోటీపడ్డ గింగ్రిచ్ వైపువాళ్లు పనులు పోయిన కార్మికులను చూపిస్తూ 28 నిమిషాల సినిమానే విడుదల చేశారు. రిక్ పెర్రీ అనే ఇంకో పోటీదారు దీన్ని రాబందుల పెట్టుబడి అన్నాడు. అటు ఒబామా పార్టీకే చెందిన నెవార్క్ మేయర్ కోరీ బుకర్ ఈ దాడులు చూస్తుంటే కడుపులో తిప్పుతోందన్నాడు. కార్మికుని బాధ ఏ పార్టీ చేతిలో ఉంటే ఆ పార్టీకి ముద్దు అన్నమాట.

రామ్నీ జవాబులో కొంత న్యాయం లేకపోలేదు. స్టేపుల్స్ అనే స్టేషనరీ దుకాణాలకు మొదట్లో పైసలు పెట్టింది బెయినే, అవి వేల మందికి పని ఇచ్చాయి. ఉక్కు మిల్లు మూతపడ్డ రోజుల్లో చవక దిగుమతుల దెబ్బకు అమెరికాలో చాలా ఉక్కు కంపెనీలు దివాలా తీశాయి. 1999లోనే ఆయన ఒలింపిక్స్ పనికి సాల్ట్ లేక్ సిటీ వెళ్లిపోయాడు. ఇవన్నీ ఒప్పుకుందాం. మరి 1993లో ఆ మిల్లు కొన్నప్పుడు పెద్ద కుర్చీలో ఉన్నది ఆయనే కదా?

దాడి చేసినవాళ్లు చేసిన తప్పు కూడా ఒకటుంది. ఆ మిల్లులో పనిచేసిన ఒకాయన భార్య క్యాన్సర్‌తో చనిపోయింది. మిల్లు మూతపడి బీమా పోయినందుకే ఆమె పోయిందనిపించేలా ఒబామా వైపు గుంపు ఒకటి ప్రకటన తయారుచేసింది. ఆమె చనిపోయింది 2006లో, మిల్లు మూతపడ్డ ఐదేళ్లకు. పత్రికల వాళ్లు లెక్క తీస్తే ప్రకటన నిలబడలేదు. నాకు అది చదివి కోపం వచ్చింది. చెప్పడానికి నిజాలే అన్ని ఉండగా ఒక ఇంటి చావును సాగదీయడం దేనికి? అట్లాంటిది ఒక్కటి దొరికితే చాలు, మిగతావన్నీ అబద్ధమే అనేస్తారు.

మా నాయిన కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి ముంబై పరేల్‌లో ఒక గిర్నిలో సాంచా నడిపాడు. గిర్ని పేరు రాయను. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మందిలో ఆయనొకడు. మూతపడ్డది సమ్మె వల్లనే అని ఇప్పటికీ అంటారు. కానీ సమ్మెకు చాలా ముందు నుంచే సేటు కొత్త సాంచాలు తేలేదని, గిర్ని పేరు మీద తెచ్చిన అప్పు వేరే ధంధాలో పెట్టాడని నాయిన అనేవాడు. "గిర్ని నష్టంల ఉన్నదంటున్రు గదా బిడ్డా, మరి సేటు లాభంల ఎట్లున్నడు?" ఆయన భివండీలో పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల పాళీ చేస్తూ కూడా ఇదే అడిగేవాడు. జవాబు చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు.

గిర్ని జాగాల సంగతి మీకు తెలిసిందే. 1991 రూలు ప్రకారం అమ్మే జాగాలో ఒక వంతు మునిసిపాలిటీకి, ఒక వంతు ఇళ్లకు, ఒక వంతు సేటుకు. 2001లో ఆ పంపకం ఖాళీ జాగాకే అని మార్చారు. గిర్ని జాగా అంటే షెడ్లే కదా, ఖాళీ ఎంత ఉంటది? 2006లో సుప్రీంకోర్టు కూడా సరే అంది. 2012లోనే, అమెరికాలో ఆ గొడవ నడుస్తున్నప్పుడే, ఇక్కడ మ్హాడా 6,925 ఇళ్లకు లాటరీ తీసింది. అర్జీ పెట్టినవాళ్లు లక్షకు పైనే. మాకు తగల్లేదు.

ఇప్పుడు మా వాడలో కార్పొరేటర్‌గా నిలబడుతున్న మనిషి కార్ఖానాదారు. మనోడే. మూడేళ్ల కింద ఆయన కార్ఖానా మూసి షెడ్డును గోదాముకు అమ్మితే పన్నెండు ఇళ్లలో పని పోయింది. ఆ మాట ఎత్తితే మా మరిది కస్సుమన్నాడు.

"వ్యాపారం వేరు, ఎన్నిక వేరు వదినా. అమెరికోళ్లు అంత లొల్లి చేసిన్రు గదా, ఆ పనోళ్లకు ఏమొచ్చింది?"

పని రాలేదు. అది నిజం. 1994లో రామ్నీ మొదటిసారి సెనేట్‌కు నిలబడ్డప్పుడు ఇండియానాలోని మేరియన్ ఊరి కాగితం ఫ్యాక్టరీ కార్మికులు మసాచుసెట్స్ దాకా పోయి నిలదీశారు. ఆయన ఓడిపోయాడు, మరుసటి ఏడు ఫ్యాక్టరీ కూడా మూతపడింది. 2012లో ఇల్లినాయిస్‌లోని ఫ్రీపోర్ట్‌లో 170 మంది పనులు చైనా పోతుంటే, కార్మికులు ఫ్యాక్టరీ ఎదుట డేరాలు వేసుకుని రామ్నీని వచ్చి చూడమన్నారు. ఆయన రాలేదు. చైనా నుంచి వచ్చినవాళ్లకు తమ పని తామే నేర్పి పోవాల్సి వచ్చింది వాళ్లకు.

"కానీ ఎంత పెట్టిండు, ఎంత తీసుకున్నడు అన్నది దేశమంతటికీ తెలిసింది తమ్మీ. నాయినకు అది గూడ తెల్వకపాయె," అన్నాను.

మరిది మాట్లాడలేదు. ఆ పన్నెండు ఇళ్లలో తొమ్మిదింటికి ఇప్పటికే పోయి వచ్చాను. నలుగురికి ఆఖరు నెల పగార్ రాలేదు, ఇద్దరికి బోనస్ బాకీ. ఒకాయన మాత్రం సేటు తనకు అంతా ఇచ్చాడన్నాడు. అది కూడా రాసుకున్నాను. ఇంకా మూడిళ్లు ఉన్నాయి.