ఎండు మెత్తళ్ళ పొట్లం

మా గుణుపురానికి సముద్రం లేదు. కాని సముద్రం వాసన మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంట్లోనే ఉంది. మా నాన్నది ఎండుచేపల దుకాణం. నౌపడలో బయలుదేరి, పర్లాకిమిడి మీదుగా, 90 కిలోమీటర్లు రొప్పుకుంటూ వచ్చే సన్నబండిలో గోనెలూ తాటాకు బుట్టలూ దిగేవి. పర్లాకిమిడి రాజావారి హయాంలో వేసిన ఆ పట్టాలు 1900లో పర్లాకిమిడి దాకా వస్తే, మా ఊరు చేరడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. బండి వేగం కూడా ఇంచుమించు అలాగే ఉండేదని మా ఊళ్ళో వేళాకోళం. 2004లో అది ఆగిపోయింది. 2011లో పెద్దబండి వచ్చింది. చేపల వాసన మాత్రం పట్టాల వెడల్పుతో మారలేదు.

మెత్తళ్ళు, కవళ్ళు, సావళ్ళు - బుట్ట విప్పకుండానే ఏ బుట్టలో ఏముందో నాన్న చెప్పేసేవాడు. కొండల మీంచి సవరలు చింతపండూ పసుపూ అడ్డాకు కట్టలూ తెచ్చి అమ్ముకుని, పోయేటప్పుడు మా దుకాణం ముందు ఆగేవారు. వాళ్ళతో సవర మాటలు, ఒడియా వాళ్ళతో "శుఖువా" బేరం, మనవాళ్ళతో తెలుగు. మూడు భాషల్లోనూ ఒకటే పొట్లం. రెండు అడ్డాకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పరిచి, చేపలు పోసి, నాలుగు వైపులా మడిచి, అడ్డనారతో ఒక్క ముడి. ఆ పొట్లం పది మైళ్ళు కొండెక్కినా ఊడేది కాదు.

దుకాణం నా చేతికి వచ్చింది 1986 ప్రాంతంలో. నేను చేసిన మొదటి ఘనకార్యం పాలిథిన్ కవర్లు తెప్పించడం. బజారులో నేనే ముందు. కొన్నాళ్ళకి దుకాణం పేరు ఎర్ర అక్షరాలతో తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చేయించాను కూడా. ఉప్పునీరు కారదు, వాసన రాదు, చవక. గిరాకీ పెరిగింది. నాన్న ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఆకయితే మేక తింటాది. దీన్నెవరు తింటార్రా?" అన్నాడు. పాతకాలపు మనిషి అనుకున్నాను.

సాయంత్రం ఊడ్చిన చెత్త ఎక్కడికి పోయేదంటారా? ఏటి ఒడ్డుకి. అందరిదీ అక్కడికే. మాకు వంశధార అంటే అన్నీ తీసుకుపోయే తల్లి. వానాకాలం ఒక్కసారి పొంగితే ఒడ్డు కడిగినట్టయ్యేది. తీసుకుపోయింది అనుకునేవాళ్ళమే గాని, ఎక్కడికి అని అడిగినవాళ్ళు లేరు. కలహండి కొండల్లో పుట్టిన ఏరు మా ఊరు దాటి, గొట్టా దగ్గర ఆనకట్ట దాటి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని బడిలో చదువుకున్నవాళ్ళమే అందరం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. 11వ తేదీన పలాస దగ్గర తీరం దాటి, మా కొండల మీద కుండపోతగా కురిసింది. నీరు తీశాక ఏటి ఒడ్డుకి వెళితే తుమ్మచెట్లకి ఆకుల బదులు కవర్లు వేలాడుతున్నాయి. వరద ఎంత ఎత్తున వచ్చిందో వాటిని చూసి చెప్పొచ్చు. అందులో ఒకటి, వెలిసిపోయి పెళుసెక్కినది, మీద ఎర్రగా రెండక్షరాలు మిగిలినది, నాదే. ముట్టుకుంటే చేతిలో పొడి అయింది. చేయి దులుపుకున్నాను. ఆ పొడి మళ్ళీ ఏట్లోనే పడిందని అప్పుడు తట్టలేదు.

అది తట్టించింది మా మనవరాలు. విశాఖపట్నంలో జువాలజీ చదువుతోంది. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ కథ చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"తాతా, కవరు కుళ్ళదు. ఎండకి ముక్కలవుతుంది, ముక్కలు మళ్ళీ ముక్కలవుతాయి, అంతే" అంది. అయిదు మిల్లీమీటర్లకి తగ్గిన తునకల్ని మైక్రోప్లాస్టిక్ అంటారట. 2004లో రిచర్డ్ థామ్సన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడి వ్యాసంతో ఆ మాట వాడుకలోకి వచ్చిందట. మా సన్నబండి ఆగిపోయిన ఏడే!

"కవరు నీళ్ళలో తేలుతుంది కదే, సముద్రం అడుక్కి ఎలా పోతుంది?" అన్నాను, తప్పించుకునే దారి దొరికిందని.

పాచి పట్టి బరువెక్కితే మునుగుతుందట. అది ఒక దారి. రెండో దారి లాంతరు చేపలు. వేలెడంత ఉంటాయి, ఒంటి మీద చిన్న చిన్న దీపాలుంటాయి. పగలంతా వందల మీటర్ల లోతున చీకట్లో ఉండి, పొద్దుగూకగానే మేతకి పైకి వస్తాయి. తెల్లవారేలోగా మళ్ళీ దిగిపోతాయి. పైన మేతతోపాటు మింగిన తునకలు కడుపులో పెట్టుకుని దిగుతాయన్నమాట. మన బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. మన సముద్రం సగటు లోతు 2,600 మీటర్లు. కొరాపుట్ దేవమాలి కొండని తీసుకెళ్ళి అందులో దించితే, శిఖరం మీద ఇంకా 900 మీటర్ల పైచిలుకు నీరుంటుంది. ఆ లోతుల వైపు రోజూ కూలీల్లా మోసుకుపోయేవి ఈ వేలెడు చేపలు!

2018లో ఐర్లండు శాస్త్రజ్ఞులు అట్లాంటిక్ లోతుల్లో పట్టిన 233 చేపల కడుపులు చూస్తే, నూటికి 73 చేపల్లో ఈ తునకలున్నాయట. పసిఫిక్‌లో మరియానా అగాధంలో దొరికిన రొయ్యలాంటి ఒక పురుగు కడుపులో మంచినీళ్ళ సీసాలు చేసే ప్లాస్టిక్ పోగు కనబడింది. 2020లో ఆ జీవికి పేరు పెడుతూ యూరిథినీస్ ప్లాస్టికస్ అన్నారు. పుట్టుకతో ఇంటిపేరు వస్తుంది గాని, ఇలా మన చెత్త పేరు రావడం ఎక్కడైనా విన్నామా?

"అవి మన సంతకి వచ్చే చేపలు కావులే" అన్నాను.

"కావు. కాని వాటిని సూరలు తింటాయి, సూరల్ని మనం తింటాం. మెత్తళ్ళు పైనీటి చేపలే. అయితే ఒకటి తాతా, పెద్దచేపకి కడుపు తీసేస్తాం. మెత్తళ్ళని కడుపుతో సహా తింటాం."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "నేనెప్పుడు కడుపుతో వండానే? తల గిల్లితే దాంతోనే పేగూ వచ్చేస్తాది. చేదని మా అత్త నేర్పింది." మనవరాలు మెచ్చుకుంది గాని, 2017లో మలేషియాలో ఎండుచేపల్ని పరీక్షిస్తే కొన్ని రకాల్లో కడుపులో కన్నా కండలోనే ఎక్కువ తునకలు దొరికాయని కూడా చెప్పింది. ఉప్పయినా మంచిది అందామంటే, 2018లో బొంబాయి ఐఐటీ వాళ్ళు మన దేశపు సముద్రపు ఉప్పులోనూ చూశారట. మామూలు ఇసుకలో వడకట్టినా బరువులో 85 శాతానికి పైగా పోతుందన్నది అందులోనే ఉన్న మంచి కబురు. దీనివల్ల మనిషికి ఎంత చెరుపో తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది. అందుకని నేను మెత్తళ్ళు మానలేదు. ఎవర్నీ మానమనను. మా కొండల మీద పేదవాడి కూడులో ఆ పిడికెడు చేపే బలం. పాపం చేసినది చేప కాదు కదా.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. రోజుకి రెండు వందల కవర్లు, ముప్పై ఏళ్ళకి పైగా. ఇరవై లక్షలు దాటింది. కాగితం మడిచి పెట్టేశాను.

ఇప్పుడు దుకాణం మా అబ్బాయిది. 2022లో దేశమంతా నిషేధాలు వచ్చినా కవరు అడిగేవాళ్ళు తగ్గలేదు. మళ్ళీ ఆకులు పెడదామంటే, "నాన్నా, బస్సులో వాసనొస్తాదని గిరాకీ పక్క కొట్టుకి పోద్ది" అన్నాడు. వాడి మాటా నిజమే, పిల్లల ఫీజులు వాడు కట్టాలి. చివరికి ఒప్పందం కుదిరింది: బల్లకి ఒక పక్క కూర్చుని నేను ఆకులో కడతాను, ఆకు కావాలన్నవాళ్ళు నా దగ్గరికి వస్తారు.

మొదటిరోజు ఉదయమంతా ఎవరూ రాలేదు. మధ్యాహ్నం అడ్డాకులు అమ్మే సవర ముసలామె వచ్చి, పావుకిలో మెత్తళ్ళు కొంది. ఆమె అమ్మిన ఆకులోనే పోసి మడిచాను. ముడి దగ్గర చేతులు ఆగిపోయాయి. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ జారింది. ఆమె కాసేపు చూసి, "ఇటియ్యి బాబూ" అని పొట్లం లాక్కుని, నార ఒక కొస పళ్ళతో పట్టి, చిటికెలో బిగించింది. చేత్తో తూచి చూసి, కట్టు కట్టింది తనే కాబట్టి ఇంకో గుప్పెడు వెయ్యమంది.

పొట్లం మళ్ళీ విప్పాల్సి వచ్చింది.