పుట్టగొడుగుల కాఫీ తాగవచ్చా?

తొలకరి వానలకు పుట్టల మీద లేచిన గొడుగులు కోసుకొచ్చి కూర వండుకోవడం మన వైపు కొత్తేమీ కాదు. వాటిని కాఫీలో కలుపుకోవడం మాత్రం నేను ఈ మధ్యనే చూశాను. విదేశాల్లో ఉన్న పిల్లలు పంపిన డబ్బా పట్టుకుని "ఇది తాగవచ్చా డాక్టరు గారూ?" అని కైకలూరులో నన్ను అడిగేవారు ఎక్కువయ్యారు.

ఇవి మన పుట్టగొడుగులు కావు. చాగా, రైషి, లయన్స్ మేన్, కార్డిసెప్స్ అనే జాతుల పొడిని గాని, సారాన్ని గాని కాఫీ పొడిలో కలుపుతారు. చాగా చలిదేశాల్లో బిర్చి చెట్ల కాండానికి నల్లగా, బొగ్గుముద్దలా పెరుగుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కాఫీ గింజలు దొరకక ఫిన్లాండు వారు దీన్ని కాచుకుని తాగారు. కాఫీలో మరొకటి కలపడం మనకూ అలవాటే. నూటికి 49 పాళ్ళ వరకు చికోరీ కలపడానికి మన చట్టమే ఒప్పుకుంటుంది.

నేనూ ఒక నెల తాగి చూశాను. రుచికి కొంచెం మట్టివాసన, అంతే. రోజుకు నాలుగు కాఫీలు తాగి, రాత్రి రెండింటి దాకా దొర్లే మనిషిని. ఈ నెలలో నిద్ర పట్టింది, గుండెల్లో మంట తగ్గింది. ఇది పుట్టగొడుగు మహిమ అనుకోకండి. ఇలాంటి పొడుల్లో మామూలు కాఫీ పాలు తక్కువ గనుక కెఫీన్ కూడా తక్కువే. నాలుగు కప్పులను రెండు చేసుకున్నా ఇదే గుణం కనిపిస్తుంది, డబ్బూ మిగులుతుంది. జ్ఞాపకశక్తి, రోగనిరోధక శక్తి పెరుగుతాయన్న మాటలకు ఆధారాలు ఎక్కువగా ఎలుకల మీద జరిగినవే. మనుషుల మీద జరిగిన పరీక్షలు చిన్నవి.

ఇక నా తప్పు చెప్పాలి. కొల్లేటి లంకల్లో చేపల చెరువులున్న పెద్దాయన ఒకరు, చక్కెర జబ్బు మనిషి, ఓ.పి. కిక్కిరిసిన రోజున ఇదే ప్రశ్న వేశారు. "కాఫీయే కదండీ, తాగండి" అనేశాను. డబ్బా చూడలేదు. మూడు నెలలకు పాదాలు వాచి వచ్చారు. అంతకుముందు 1.4 ఉన్న క్రియాటినిన్ 2.1 అయింది. అప్పుడు అడిగితే, పూటకు మూడు చెంచాల చొప్పున మూడు పూటలా తాగుతున్నారని తేలింది. "మంచిదంటే కాస్త ఎక్కువే వేసుకున్నానండీ" అన్నారు. డబ్బా తెప్పించి చూస్తే మొదటి పేరే చాగా.

చాగాలో ఆక్సలేట్లు ఎక్కువ. అవి మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకుంటాయి. జపానులో 72 ఏళ్ళ స్త్రీ ఒకామె రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడి ఆరు నెలలు తీసుకుని, మూత్రపిండాలు చెడి డయాలిసిస్ దాకా వెళ్ళింది. ఆ సంగతి 2014లో వైద్య పత్రికలో వచ్చింది. మా పెద్దాయన మోకాళ్ళ నొప్పులకు బిళ్ళలు కూడా మింగుతున్నారు. పాపం పొడిదో, బిళ్ళలదో నేను తేల్చలేను. రెండూ మాన్పించి విజయవాడలో మూత్రపిండాల వైద్యుడి దగ్గరకు పంపాను. క్రియాటినిన్ 1.6కు దిగింది. మొదటి 1.4 మాత్రం మళ్ళీ రాలేదు.

మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవారు, క్రియాటినిన్ పెరిగినవారు చాగా ఉన్న పొడి జోలికి పోవద్దు. గుండెజబ్బుకు రక్తం పలచబరిచే మందులు వాడేవారికి రైషితో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంది. చక్కెర బిళ్ళలు వేసుకునేవారు కళ్ళు తిరిగితే వెంటనే పరీక్ష చేయించుకోవాలి. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారు, గర్భిణులు అసలు తాగకూడదు. మిగతావారు రోజుకు ఒక కప్పు తాగితే నేను అడ్డు చెప్పను. ఆపరేషను ఉంటే ముందుగా డాక్టరుకు చెప్పండి. కాఫీ మందు కాదుగా అని దాచకండి.

మొన్న పెద్దాయన వస్తే మిగిలిన డబ్బాలు ఏం చేశారని అడిగాను.

"పారేయడమెందుకని చెరువు కాపలా కుర్రాడికి ఇచ్చేశానండీ."

ఆ కుర్రాణ్ణి డబ్బాలతో సహా మర్నాడే ఆస్పత్రికి పంపమన్నాను.