పొరుగింటి కానుక

పొరుగింటి నుంచి వచ్చిన కానుక ఎంత చిన్నదైనా, చివరికి అది మేక కాలి గిట్టే అయినా, దానిని తక్కువగా చూడరాదని దైవప్రవక్త ముహమ్మద్ (స) ముస్లిం స్త్రీలకు ప్రత్యేకంగా బోధించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా అందిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. చిన్ననాటి నుంచి వింటున్న ఈ బోధనను మేము అక్కాచెల్లెళ్ళం ఇద్దరం పాటిస్తున్నామనే అనుకునేవాళ్ళం. 2025లో బక్రీదు వెళ్ళిన మూడవ రోజున మా గుమ్మంలోకి వచ్చిన ఒక ప్లాస్టిక్ బకెట్టు మా భ్రమను తొలగించింది.

మేము ఉండేది జి.మాడుగులలో. మాడుగుల అనగానే చాలామంది హల్వా గుర్తు చేసుకుంటారు. ఆ మాడుగుల కొండ దిగువన, అనకాపల్లి జిల్లాలో ఉంది. మాది కొండమీది మాడుగుల, అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు నుంచి చింతపల్లి వెళ్ళే దారిలో వస్తుంది. కొత్తపల్లి జలపాతం చూడటానికి వచ్చేవారికి మా మండలం తెలుసు. ఇక్కడి భూమి గిరిజనులది. 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనడానికి వీలులేదు. దుకాణం పెట్టుకొని బతకడానికి వచ్చిన మాలాంటి కుటుంబాలకు తలదాచుకునే చోటు ఇచ్చింది వారే. కాబట్టి పొరుగువారి హక్కు అన్న మాట మాకు పుస్తకంలో చదివి వదిలేసేది కాదు, కాకూడదు.

మా పక్క ఇంటి పెద్దయ్యకు కాఫీ, మిరియాలతోపాటు పెరటి వాలులో కొన్ని యాపిల్ మొక్కలున్నాయి. మన్యంలో యాపిల్ ఏమిటని ఆశ్చర్యపోయేవారు ఉండవచ్చు. కాశ్మీరు, హిమాచల్ రకాలకు పూత రావాలంటే శీతకాలంలో సుమారు వెయ్యి గంటలపాటు 7 డిగ్రీల లోపు చలి కావాలి. అంత చలి ఇక్కడ దొరకదు. అయితే తక్కువ చలితోనే పూసే రకాలు కొన్ని ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ రూపొందించిన హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 అటువంటిదే. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు దశాబ్దం క్రితమే చింతపల్లి, లంబసింగి పరిసరాలలో యాపిల్ పెంపకాన్ని పరీక్షించి చూశారు. ఆ తరువాత అక్కడక్కడ కొందరు రైతులు మొక్కలు నాటుకున్నారు. ఇక్కడ కాయ పక్వానికి వచ్చేసరికి తొలకరి వచ్చిపడుతుంది. గాలివాన కొడితే సగం కాయలు నేల రాలుతాయి. దెబ్బ తగిలిన కాయను సంతలో ఎవరూ కొనరు.

మా గుమ్మంలోకి వచ్చిన బకెట్టు నిండా ఉన్నవి ఆ రాలిన కాయలే. చిన్నవి, పచ్చి ఎరుపువి, ఒకవైపు నల్లగా కమిలినవి, బురద అంటినవి. “పారేయకండమ్మా, కొరికితే పులుపే గాని ఉడికిస్తే బాగుంటాయి” అని పెద్దమ్మ ఇచ్చి వెళ్ళింది. ఆమె వాకిలి దాటగానే మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. “మనం పండుగనాడు మంచి ముక్కలు పంపితే, వాళ్ళు రాలినవి ఏరి పంపారు” అన్న మాట మాలో ఒకరి నోట వచ్చింది. రెండవవారు ఖండించలేదు. అదే సమయంలో మా ఇంట్లో మరొక బాధ నడుస్తున్నది. బహుశా ఆ చికాకే అలా అనిపించింది.

మా అమ్మీకి డెబ్బై దాటాయి. పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. కట్టించిన పళ్ళు చిగుళ్ళకు ఒరుసుకుపోయి పెట్టుకోలేకపోతున్నారు. బక్రీదునాడు ఇంటినిండా బంధువులు. అందరి ముందూ బిరియానీ, కుర్మా ఉన్నాయి. అమ్మీ మాత్రం పళ్ళెం పక్కకు నెట్టేశారు. మరునాడూ అంతే. మూడవనాటికి రెండు గుక్కల చాయ్, నానబెట్టిన బిస్కెట్టు తప్ప ఏమీ ముట్టలేదు. “ఇంతమంది ఇన్ని వండితే ఒక్క ముద్ద తినరేం? ఎందుకీ మొండితనం?” అని మేము గొంతు పెంచాం. అమ్మీ గోడవైపు తిరిగి పడుకున్నారు. తల్లిదండ్రులు ముసలితనానికి చేరినప్పుడు వారిపట్ల విసుగు చూపే ఒక్క చిన్న మాటైనా పలకరాదని దివ్యఖుర్ఆన్ ఆజ్ఞాపిస్తున్నది. ఆ ఆజ్ఞ మాకు తెలియనిది కాదు. పండుగనాడు కూడా దానిని నిలబెట్టుకోలేకపోయామన్న బాధతో ఆ రాత్రి ఇషా నమాజు చేశాం.

మరునాడు ఆ బకెట్టు పారవేయబోతే కాళ్ళు ఆగిపోయాయి. కింద పడిన ముద్దను కూడా మలినం తుడిచి తినమని దైవప్రవక్త (స) నేర్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. ముద్ద విషయంలోనే అంతటి జాగ్రత్త చెప్పినప్పుడు బకెట్టెడు పండ్లను ఎలా పారబోయడం? యాపిల్‌ను మనం సేబ్ అంటాం, అది ఫార్సీ మాట. యునానీ హకీములు బలహీనులకు సేబ్ మురబ్బా ఇచ్చే ఆచారం మన ఇళ్ళలో పాతదే. కానీ మురబ్బాకు మంచి కాయలు కావాలి, చాలా పంచదార కావాలి, దానిని కొరికే పళ్ళు కావాలి. మాకున్నవి దెబ్బతిన్న కాయలు, పళ్ళులేని అమ్మీ. మెత్తగా ఉడికించి గుజ్జు చేయడమే దారి అని తోచింది.

తోచినదే తడవుగా కుక్కర్ నిండా కాయలు కోసి పడేశాం. తొక్క తీయలేదు. మూత బిగించి మంట పెద్దది చేశాం. రెండు విజిళ్ళు రాగానే మాలో చిన్నది గరిటెతో విజిల్ పైకెత్తింది. అంతే, మరిగే నురుగు పిచికారీలా ఎగజిమ్మి గోడకు, ఆమె మణికట్టుకు తగిలింది. వెంటనే చేతిని చల్లని నీటి ధారకింద చాలాసేపు పట్టి ఉంచడం వల్ల, అల్లాహ్ దయవల్ల బొబ్బ చిన్నదిగానే తేలింది. చప్పుడుకు మంచం మీద నుంచి అమ్మీ పలికారు: “సబర్ బేటీ. దాని కోపం తగ్గేదాకా ఆగాలి గదా.” రెండు రోజులలో ఆమె మాతో మాట్లాడిన మొదటి మాట అదే.

తరువాత తెలుసుకుంటే తప్పంతా మాదేనని అర్థమైంది. కుక్కర్ అన్నది సామాన్యమైన వస్తువు కాదు. డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1679లో లండనులో దానికి మూలరూపం చేశాడు. గట్టి ఎముకలను కూడా మెత్తబరచడం అతని ఉద్దేశం. ఆవిరిని బయటికి పోనీయకుండా బంధిస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే నీరు మరిగే వేడీ పెరుగుతుంది. 900 మీటర్ల ఎత్తున ఉన్న మన్యం ఊళ్ళలో మూతలేని గిన్నెలో నీరు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. అందుకే కొండమీద పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది, గ్యాసు ఎక్కువ ఖర్చవుతుంది. కుక్కర్‌లోనైతే వేడి సుమారు 120 డిగ్రీల వరకు చేరుతుంది. యాపిల్ కణాలను జిగురులా అంటిపెట్టి ఉంచే పెక్టిన్ ఆ వేడికి త్వరగా కరిగి, ముక్క దానంతటదే విచ్చుకుంటుంది. అయితే యాపిల్ బాగా నురుగు కడుతుంది. తొక్క ముక్క లేచి విజిల్ గొట్టానికి అడ్డుపడితే ఆవిరికి దారి మూసుకుపోతుంది. అప్పుడు సేఫ్టీ వాల్వు ఒక్కటే దిక్కు. నురుగు కట్టే పదార్థాన్ని సగానికి మించి నింపరాదు, ఒత్తిడి పూర్తిగా దిగకముందు మూతను గాని విజిల్‌ను గాని ముట్టరాదు. ఈ రెండు నియమాలనూ మేము ఒకేసారి ఉల్లంఘించాం.

రెండవసారి బిస్మిల్లాహ్ అని నెమ్మదిగా మొదలుపెట్టాం. ఎలా చేశామో సోదరీమణుల కోసం వివరంగా చెబుతాం.

కాయలను రెండు నీళ్ళలో కడిగాం. బూజు పట్టినవాటిని, లోపలిదాకా కుళ్ళినవాటిని వేరు చేసి గోతిలో వేశాం. దుబారా తప్పేగాని, చెడినదాన్ని తినడం పుణ్యం కాదు. బూజు విషాన్ని ఉడికించడంతో పోగొట్టలేం. కేవలం దెబ్బకు కమిలినవాటిని మాత్రం ఆ భాగం లోతుగా కోసి తీసివేశాం. తొక్క తీసి, నాలుగు చీలికలు చేసి, నడిమి గట్టి భాగాన్నీ గింజలనూ తొలగించాం. గింజలు మంచివి కావు, అవి నలిగి గుజ్జులో కలవకూడదు. శుభ్రం చేసిన ముక్కలు కిలో వచ్చాయి. అయిదు లీటర్ల కుక్కర్‌లో అవి సగానికి దిగువనే ఉన్నాయి. అరగ్లాసు నీళ్ళు, వేలెడు దాల్చినచెక్క, చిటికెడు ఉప్పు వేశాం. గొట్టంలో నుంచి వెలుగు కనబడుతున్నదో లేదో చూసి మూత బిగించాం. మధ్యస్థమైన మంట మీద ఒకే ఒక్క విజిల్ రాగానే పొయ్యి ఆపేశాం. ఆ తరువాత దానిని ముట్టలేదు. ఒత్తిడి దిగడానికి పావుగంట పట్టింది. మూత తీసేసరికి ముక్కలు గరిటె తగిలితే చాలు విడిపోతున్నాయి. దాల్చినచెక్క తీసివేసి పప్పుగుత్తితో మెదిపి, రంగు మారకుండా అరచెక్క నిమ్మరసం పిండాం. కాయలు పుల్లనివి కాబట్టి చిన్న బెల్లం ముక్క కలిపాం. మధుమేహం ఉన్నవారు బెల్లం మానుకోవాలి. ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు పెట్టదలిస్తే ఉప్పు, బెల్లం, తేనె ఏవీ కలపకూడదు. ఇది నిలవ పచ్చడి కాదు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి ఉంచరాదు, కరెంటు తరచూ పోయే మా ఊళ్ళో ఏనాటిది ఆనాడే తినడం మేలు.

గోరువెచ్చగా ఉన్న గుజ్జును చిన్న కప్పులో వేసి అమ్మీ దగ్గరికి తీసుకెళ్ళాం. తినమని బతిమాలలేదు, గొంతు పెంచలేదు. కప్పు, చెంచా పక్కన పెట్టి కూర్చున్నాం. కాసేపటికి ఆమే చెంచా తీసుకున్నారు. కప్పు ఖాళీ అయింది. “ఇంకొంచెం ఉందా?” అని అడిగారు. రెండవ కప్పు తింటూ అన్నారు: “ఇది నమలనక్కరలేదు, చూసి నవ్వేవాళ్ళూ లేరు.”

అప్పుడుగాని మాకు అర్థం కాలేదు. పండుగనాడు ఆమె పళ్ళెం నెట్టింది మొండితనంతో కాదు. నమలలేక, నోట్లో పెట్టుకున్నది పెదవి నుంచి జారిపడితే బంధువుల పిల్లలు చూస్తారన్న సిగ్గుతో. మేము ఆమె ముందు మాంసం పెట్టాం, ఆమె ఏమి తినగలదో మాత్రం అడగలేదు. చిన్ననాడు మాకు పళ్ళు రాకముందు అన్నం మెదిపి, పాలలో కలిపి, చల్లారిందో లేదో తన పెదవికి తాకించి చూసి పెట్టిన మనిషి ఆమె. అలా పెంచినందుకే తల్లిదండ్రులపై దయ చూపమని ప్రభువును వేడుకోవాలని ఖుర్ఆన్ మనకు నేర్పుతున్నది. ఆ దుఆ ప్రతిరోజూ చేస్తూనే ఉన్నాం. అల్లాహ్ దయ కోసం చేతులెత్తిన మేము, మా చేతుల్లో ఉన్న దయను ఆమెకు అందించడం మరచిపోయాం. క్షమించమని అడిగితే అమ్మీ మా తలలు నిమిరి, “ఆ చేతికి నొప్పి తగ్గిందా?” అని మాత్రం అడిగారు.

ఇక మిగిలింది పొరుగింటి లెక్క. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగువారికి పంపారా అని ఆయన ఇంటివారిని అడిగారని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఆ స్ఫూర్తితోనే మేము బక్రీదునాడు పక్కింటికి మేక మాంసం పంపాం. కానీ మనసులో దానికి బదులు ఎదురుచూశాం, వచ్చినదాన్ని తూకం వేశాం. సంతలో అమ్ముడుపోయే కాయలు ఆ ఇంటికి బియ్యం, ఉప్పు. వాటిని అమ్ముకొని, తాము తినడానికి మిగిలిన రాలిన కాయలలో నుంచే బకెట్టెడు మాకు పంపారు. తమ పిల్లల నోటి దగ్గరిది పంపినవారిని మేము తక్కువచేసి చూశాం. ఆ కానుక లేకుంటే అమ్మీ ఆకలి సంగతి మాకు ఎప్పటికి తెలిసేదో!

కూర వండేటప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి పొరుగువారిని కూడా దృష్టిలో ఉంచుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి బోధించారు. ఆ సాయంత్రం మిగిలిన కాయలన్నీ రెండు విడతలుగా ఉడికించాం. ఖాళీ పాత్రను తిరిగి పంపకూడదన్నది మన తెలుగు ఇళ్ళ ఆనవాయితీ కూడా. బకెట్టు కడిగి, అందులో గుజ్జు గిన్నె పెట్టుకొని పక్కింటికి వెళ్ళాం. పెద్దమ్మ మనవరాలికి ఏడవ నెల. ఆ బిడ్డ కోసం బెల్లం కలపనిది వేరుగా తీసుకెళ్ళాం. బిడ్డ మొదటి చెంచాకు ముఖం ముడిచి, రెండవదానికి నోరు తెరిచింది. పెద్దమ్మ నవ్వి, “మీ కుక్కర్ ఒకసారి ఇస్తారా అమ్మా?” అని అడిగింది. కుక్కర్‌తోపాటు మేమూ వెళ్ళి, సగానికి మించి నింపవద్దని, ఒత్తిడి దిగేదాకా మూత ముట్టవద్దని మా మణికట్టు చూపించి మరీ చెప్పివచ్చాం.

ఇప్పుడు మా ఇంట పండుగకు ఏమి వండినా ముందుగా అమ్మీ గిన్నె సిద్ధమవుతుంది. యాపిల్ కాలం కాకపోతే గుమ్మడో, సొరకాయో, గింజ తీసిన జామో అదే పద్ధతిలో ఉడుకుతుంది. మీ ఇంట్లోనూ పళ్ళెం పక్కకు నెట్టే పెద్దలు ఉంటే, ఎందుకు తినరని గద్దించకముందు ఏమి తినగలరని ఒక్కసారి నెమ్మదిగా అడగండి.

పొరుగువారి కానుకను గౌరవించే మనసును, తల్లిదండ్రుల ముసలితనంలో వారికి ఓర్పుతో సేవచేసే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.